వేల్స్ నేల కింద దొరికినవి: ఎముకలు, రాళ్ళు, పడవల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కార్డిఫ్‌లో కాపురం పెట్టాక ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు కోటలు చూపించమంటారు. చూపిస్తాను, వేల్స్‌లో కోటలకు కొదవలేదు. కాకపోతే ఇక్కడి కథలో ఆ కోటలు నిన్నమొన్నటివి. అసలు కథ గుహల్లో, గుట్టల కింద, చెరువు బురదలో, సముద్రపు ఒడ్డున ఉంది. అవి చూశాక మావాళ్ళు అడిగినవి, స్నేహితులు వాట్సాప్‌లో అడిగినవి, మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం అడిగినవి అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ముందే ఒక మాట. ఇందులో చాలాచోట్ల "మొదట ఇలా అనుకున్నారు, తర్వాత తప్పని తేలింది" అని వస్తుంది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

వేల్స్‌లో మనుషులు ఎప్పటినుంచి ఉన్నారు?

ఇప్పటిదాకా దొరికిన వాటిలో పాతవి ఉత్తర వేల్స్‌లోని పొంట్‌నెవిద్ గుహలో దొరికిన పళ్ళు. నేషనల్ మ్యూజియం వాళ్ళు 1978 నుంచి 1995 వరకు అక్కడ తవ్వారు. మొత్తం 19 పళ్ళు, కనీసం ఐదుగురివి. వయసు సుమారు 2,30,000 ఏళ్ళు. అవి మనలాంటి మనుషులవి కావు, తొలినాటి నియాండర్తల్ మనుషులవి. పన్ను చూసే ఆ సంగతి ఎలా చెప్పారంటే, వాటి వేళ్ళు మన దవడపళ్ళకు ఉన్నట్టు పైనుంచే విడిపోకుండా చాలా కిందిదాకా కలిసే ఉన్నాయి, లోపల గుజ్జు ఉండే గది పెద్దదిగా ఉంది. నియాండర్తల్ మనుషుల పళ్ళలో తరచుగా కనిపించే గుర్తు ఇది.

వాటిలో ఒక చిన్న పైదవడ ముక్క ఉంది. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లవాడిది. బాగా అరిగిపోయిన పాలపన్ను ఒకటి, దాని పక్కనే కొత్తగా వచ్చిన పెద్దపన్ను ఒకటి. ఆ వయసు పిల్లలున్న ఏ అమ్మకైనా ఆ దవడ కొత్తగా అనిపించదు.

అలాగని అప్పటినుంచి ఇప్పటిదాకా ఇక్కడ మనుషులు వరసగా ఉన్నారని కాదు. మంచు యుగాల్లో ఈ నేల మీద మంచు పలకలు కప్పుకున్నప్పుడు మనుషులు లేరు. మంచు కరిగినప్పుడు వచ్చారు, పెరిగినప్పుడు పోయారు.

"పావిలాండ్ ఎర్ర దొరసాని" ఎవరు?

దొరసాని కాదు, యువకుడు. ఈ కథ కొంచెం వివరంగా చెప్పాలి.

దక్షిణ వేల్స్‌లో గవర్ అనే ద్వీపకల్పం ఉంది. అక్కడ సముద్రం అంచున, కొండ చరియలో, పావిలాండ్ గుహ. 1823 జనవరిలో విలియం బక్‌లాండ్ ఆ గుహలోకి దిగాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భ శాస్త్రం చెప్పేవాడు, చర్చి గురువు కూడా. గుహలో ఒక అస్థిపంజరం దొరికింది. తల లేదు. ఎముకలన్నీ జేగురు మన్నుతో ఎర్రగా ఉన్నాయి. పక్కనే చిల్లులు పెట్టిన చిన్న నత్తగుల్లలు, ఏనుగు దంతంతో చేసిన కడ్డీలు, కంకణాల ముక్కలు. దగ్గర్లో మామత్ పుర్రె కూడా ఉంది, అంటే అంతరించిపోయిన వెంట్రుకల ఏనుగుది.

మామత్ లాంటి జంతువులు బైబిల్లో చెప్పిన జలప్రళయానికి ముందువని బక్‌లాండ్ నమ్మకం. మనిషి అంత పాతవాడై ఉండడని కూడా ఆయన నమ్మకమే. కాబట్టి ఎదురుగా మామత్ ఎముకలున్నా ఈ మనిషిని వాటితో కలపలేదు. మొదట, దొంగ సరుకు రవాణా చేసేవాళ్ళు చంపేసిన సుంకం అధికారి అయ్యుంటాడనుకున్నాడు. తర్వాత ఆ నగలు చూసి ఆడమనిషి అన్నాడు. గుహ పైన పాతకాలపు కోట గట్లు ఉన్నాయి కాబట్టి, రోమన్ల కాలంలో ఆ సైనికుల చుట్టూ తిరిగిన ఆడది అన్నాడు. పాపం ఆ అస్థిపంజరానికి లేని చరిత్ర ఎంతో అంటగట్టారు. "ఎర్ర దొరసాని" అన్న పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

1912లో సోలస్ అనే మరో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ గుహను మళ్ళీ తవ్వి, ఇది మగమనిషి అని, పాత రాతియుగం వాడని తేల్చాడు. 1960లలో రేడియోకార్బన్ పరీక్ష చేస్తే సుమారు 18,000 ఏళ్ళు అని వచ్చింది. ఆ కాలంలో అక్కడ విపరీతమైన మంచు, మనుషులు ఉండటమే కష్టం. ఎముకను శుభ్రం చేసే పద్ధతులు మెరుగుపడ్డాక ఆ అంకె 26,000కు పెరిగింది. ఈ శతాబ్దంలో చేసిన పరీక్షల ప్రకారం అసలు వయసు దాదాపు 33,000 నుంచి 34,000 ఏళ్ళు. ఎముక అదే, అడిగే పద్ధతి మారింది. మొదటి పరీక్ష తర్వాత ఇంక అయిపోయిందని ఆ ఎముకల్ని పారేసి ఉంటే మనకు ఇదేదీ తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ గుహ కిందే అలలు కొడతాయి. అతను బతికున్న రోజుల్లో సముద్రం పదుల కిలోమీటర్ల దూరంలో ఉంది. ముందు విశాలమైన గడ్డి మైదానం, అందులో మామత్‌లు, గుర్రాలు తిరిగేవి. ముప్పై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడిని తనవాళ్ళు ఎర్రమన్ను పూసి, నగలు పెట్టి పంపించారు. పశ్చిమ యూరప్‌లో ఇలా శ్రద్ధగా చేసిన ఖననాల్లో ఇది చాలా పాతది.

ఎముకలు ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉన్నాయి. 2007లో కార్డిఫ్ మ్యూజియానికి కొన్నాళ్ళ కోసం పంపారు. ఇంటికి వచ్చేయాలని కోరేవాళ్ళు వేల్స్‌లో చాలామందే ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకడిని.

ఇన్ని వేల ఏళ్ళు అని అంత కచ్చితంగా ఎలా చెబుతారు?

ప్రాణమున్న ప్రతిదీ బతికినంతకాలం కార్బన్-14 తీసుకుంటూ ఉంటుంది. చనిపోయాక తీసుకోవడం ఆగిపోతుంది, ఒంట్లో ఉన్నది మెల్లగా తరిగిపోతుంది. 5,730 ఏళ్ళకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే చనిపోయి ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. సుమారు 50,000 ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే పొంట్‌నెవిద్ గుహకు ఇది పనికిరాలేదు. అక్కడ గుహలో పేరుకున్న సున్నపు పొరల్లోని యురేనియం మార్పుల్ని కొలిచారు.

చెక్క దొరికితే పని ఇంకా సులువు. చెట్టు ఏడాదికో వలయం వేస్తుంది. వానలు బాగా పడిన ఏడు మందంగా, కరువు ఏడు సన్నగా. ఆ వరసను పోల్చి చూసి ఆ చెట్టును ఏ సంవత్సరంలో నరికారో చెప్పేస్తారు.

ఇక మనిషి ఎక్కడ పెరిగాడో కావాలంటే స్ట్రాన్షియం చూస్తారు. నేలలోని రాతిని బట్టి నీళ్ళలో, తిండిలో ఈ స్ట్రాన్షియం తీరు మారుతుంది. చిన్నప్పుడు ఏ ఊరి తిండి తిన్నామో ఆ గుర్తు పంటి పైపొరలో జీవితాంతం ఉండిపోతుంది.

వేల్స్‌లో మన రాకాసి గుళ్ళలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, చాలా ఉన్నాయి. నిలువు రాళ్ళ మీద పెద్ద బండను కప్పిన రాతి సమాధుల్ని మన పల్లెల్లో రాకాసి గుళ్ళు, పాండవ గుళ్ళు అంటారు కదా. మనుషులు ఇంతేసి బండలు ఎత్తలేరు, రాక్షసులో పాండవులో చేసుంటారని పెద్దవాళ్ళ ఊహ. వేల్స్ వాళ్ళ ఊహ కూడా అచ్చం అదే. ఆంగ్ల్‌సీ దీవిలో ఒక సమాధి పేరు బార్క్లోడియాడ్ ఎ గౌరెస్. అర్థం "రాకాసి ఒడి నిండా పట్టినన్ని". ఒక రాకాసి కొంగులో రాళ్ళు మోసుకొస్తూ అక్కడ గుమ్మరించిందట. మొదటిసారి ఆ అర్థం తెలిసినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఈ రెండు చోట్ల సమాధులు ఒక కాలానివి కావు, కట్టినవాళ్ళకు ఏ సంబంధమూ లేదు. వేల్స్‌వి కొత్త రాతియుగానివి, ఐదారు వేల ఏళ్ళ నాటివి. మన దగ్గర ఎక్కువభాగం ఇనుప యుగానివి.

ఆ రాకాసి సమాధిని 1952, 1953లలో తవ్వినప్పుడు మధ్య గదిలో చల్లారిన నిప్పులు కనిపించాయి. వాటి మీద ఏదో పులుసులాంటిది పోశారు. అందులో మిగిలిన చిన్న ఎముకల్ని వేరుచేసి చూస్తే చేపలు, ఈల్, కప్ప, గోదురుకప్ప, పాము, ఎలుక, చుంచు, కుందేలు. అది తినడానికి వండిన వంట అనిపించదు. ఏదో తంతు జరిగింది, ఎందుకో వాళ్ళకే తెలియాలి. ఒక్క రోజు పొయ్యి ఐదు వేల ఏళ్ళు అలా ఉండిపోయింది చూడండి.

అదే దీవిలో బ్రిన్ కెల్లి దీ ఉంది. "చీకటి తోపులోని గుట్ట" అని అర్థం. గడ్డి పెరిగిన దిబ్బ, లోపలికి ఎనిమిది మీటర్ల సన్నటి దారి, చివర రాతి గది. ఏడాదిలో పగలు ఎక్కువుండే రోజున, అంటే జూన్ 21 ప్రాంతంలో, పొద్దు పొడిచేటప్పుడు మొదటి వెలుగు ఆ దారి వెంట నేరుగా గదిలోకి వస్తుంది. ఈ సంగతి వందేళ్ళ క్రితమే చెప్పినవాడు ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్. గుంటూరు వాళ్ళకు ఈ పేరు ఎక్కడో విన్నట్టుండాలి. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు నుంచి చూశాడు. ఆ ఏడాదే సూర్యుడి వెలుగులో కొత్త పసుపు గీతను చూసి, దానికి కారణమైన మూలకానికి హీలియం అని పేరు పెట్టినవాడు ఈ లాకియరే. సమాధి గురించి ఆయన చెప్పినదాన్ని అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. ఈ శతాబ్దంలో నేషనల్ మ్యూజియంకు చెందిన స్టీవ్ బరో తెల్లవారుజామున లోపల కూర్చుని కళ్ళారా చూసి, నిజమేనని నిర్ధారించాడు.

కార్డిఫ్‌కు దగ్గర్లో టింకిన్స్‌వుడ్ ఉంది. కప్పు బండ ఒక్కటే 40 టన్నులంటారు. 1914లో తవ్వితే కనీసం 40 మంది ఎముకలు కలగలిసి దొరికాయి. ఆడ, మగ, పిల్లలు అందరివీ. ఇది ఒక రాజు సమాధి కాదు, తరతరాలుగా ఒక సమూహం తమవాళ్ళను దాచుకున్న చోటు. అక్కడ మే దినం ముందు రాత్రి పడుకుంటే చచ్చిపోతారు, లేదా పిచ్చివాళ్ళవుతారు, లేదా కవులవుతారని ఊళ్ళో చెప్పుకుంటారు.

స్టోన్‌హెంజ్ రాళ్ళు వేల్స్ నుంచే వెళ్ళాయా?

స్టోన్‌హెంజ్ అంటే దక్షిణ ఇంగ్లండ్‌లోని పాతకాలపు రాతి వలయం. దాని రాళ్ళు అన్నీ కాదు. బయట నిలబడిన పెద్ద రాళ్ళు ఇంగ్లండ్‌వే. లోపలి చిన్న రాళ్ళు, నీలిరాళ్ళు అంటారు, అవి నైరుతి వేల్స్‌లోని ప్రెసెలి కొండలవి. 1923లో హెర్బర్ట్ థామస్ ఈ సంగతి బయటపెట్టాడు. చిన్నవంటే ఒక్కోటి రెండు మూడు టన్నులు. దూరం దాదాపు 225 కిలోమీటర్లు. కార్న్ గోయిడాగ్, క్రైగ్ రోస్-ఎ-ఫెలిన్ అనే రెండు చోట్ల నుంచి రాళ్ళు తీశారని మైక్ పార్కర్ పియర్సన్ బృందం చెప్పింది. మనుషులు కాదు, మంచు పలకలే మోసుకొచ్చాయని వాదించే భూగర్భ శాస్త్రవేత్తలూ ఉన్నారు.

2021లో అదే బృందం ప్రెసెలిలోని వౌన్ మౌన్ దగ్గర ఒక పాత రాతి వలయం ఉండేదని, దాన్నే విప్పి స్టోన్‌హెంజ్‌కు పట్టుకుపోయారని చెప్పింది. వేల్స్‌లో పెద్ద సంబరమైంది. నాకూ చాలా ఆనందమేసింది. తర్వాత రాళ్ళ రసాయన పరీక్షల్లో ఆ రెంటికీ పొంతన కుదరలేదు. 2024లో ఇంకో దెబ్బ. స్టోన్‌హెంజ్ నడిమధ్య ఉన్న ఆరు టన్నుల బలిపీఠపు రాయి వేల్స్‌దేనని వందేళ్ళుగా నమ్మారు. అది స్కాట్లండ్ ఈశాన్య మూల నుంచి, సుమారు 750 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిందని తేలింది. తేల్చిన పరిశోధక విద్యార్థి వేల్స్‌వాడే.

రాళ్ళ సంగతి సరే, మనుషుల మాటేమిటి? స్టోన్‌హెంజ్‌లో పూడ్చిన, కాల్చిన ఎముకల్లో 25 మందివి 2018లో పరీక్షించారు. వారిలో పదిమంది స్టోన్‌హెంజ్ చుట్టూ ఉన్న సుద్దనేలల్లో జీవించినవాళ్ళు కాదు, పశ్చిమ వేల్స్ నుంచి వచ్చి ఉండొచ్చు. రాళ్ళతోపాటు మనుషులూ కదిలారన్నమాట.

బ్రాంజ్ యుగంలో వేల్స్‌లో గనులు ఉండేవట, నిజమేనా?

నిజం. ల్లాన్‌డిడ్‌నో ఊరి పక్కన గ్రేట్ ఓర్మ్ అనే కొండ ఉంది. లోపల ఎనిమిది కిలోమీటర్లకు పైగా సొరంగాలు ఇప్పటిదాకా లెక్కకొచ్చాయి. బ్రిటన్‌లో ఇంత పాత గనులంటే రోమన్లవే అయ్యుంటాయని అంతకుముందు అనుకునేవారు. 1987 తర్వాత పరిశోధించి చూస్తే ఇవి సుమారు 3,500 ఏళ్ళ నాటివి, రోమన్ల కంటే పదిహేను వందల ఏళ్ళు పాతవి.

లోపల దొరికిన పనిముట్లు ఇనుపవి కావు. సముద్రపు ఒడ్డు నుంచి ఏరుకొచ్చిన గుండ్రాళ్ళు సుత్తులు, పశువుల ఎముకలు గునపాలు. రాగి ముడిఖనిజం అంటి ఆ ఎముకలు ఆకుపచ్చగా అయిపోయాయి. నేను చాలాసేపు చూసింది ఒక చిన్న పక్కటెముక ముక్క, ఒక కొన నున్నగా అరిగిపోయి ఉంది. ఎవరో రోజూ ఒకే పట్టు పట్టి గోకితే వచ్చే అరుగుదల అది. కొన్ని సొరంగాలు ఎంత ఇరుకంటే పెద్దవాళ్ళు దూరలేరు. పిల్లలే వెళ్ళి ఉండాలి. ఇక్కడి రాగి ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి బాల్టిక్ తీరం దాకా వెళ్ళిందని లోహ పరీక్షలు చెబుతున్నాయి.

మోల్డ్ బంగారు కేప్ అంటే ఏమిటి?

1833లో మోల్డ్ ఊరి దగ్గర కూలీలు రాళ్ళ కోసం ఒక దిబ్బ తవ్వుతుంటే ఎముకల మీద నలిగిపోయిన బంగారు రేకు కనిపించింది. ఆ దిబ్బ పేరు బ్రిన్ ఎర్ ఎల్లిల్లాన్, దయ్యాల గుట్ట. తవ్వినవాళ్ళు ముక్కలు పంచుకున్నారు. చాలా భాగం 1836లో బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. కానీ అది ఏమిటో తెలియలేదు. గుర్రం ఛాతీకి కట్టే అలంకారం అన్నారు చాలాకాలం. 1950లలో ముక్కలు అతికించి చూసినవాళ్ళకు అది మనిషి భుజాల మీద వేసుకునే కేప్ అని అర్థమైంది. సుమారు 3,700 ఏళ్ళ నాటిది. ఒకే బంగారు ముద్దను సాగగొట్టి చేశారు. పూసల దండలు వరసగా వేసుకున్నట్టు దాని మీద నగిషీ. బరువు 560 గ్రాములు. కొలత చిన్నది, సన్నటి ఆడమనిషికో, యుక్తవయసు వాళ్ళకో సరిపోతుంది. వేసుకుంటే చేతులు పైకి ఎత్తలేరు. అంటే పనిచేసుకునేవాళ్ళ బట్ట కాదు.

చెరువులో దొరికిన గొలుసు కథ ఏమిటి?

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆంగ్ల్‌సీలో విమానాశ్రయం రన్‌వే కోసం ల్లిన్ కెరిగ్ బాఖ్ అనే చెరువు పక్కనుంచి నల్లటి బురదమట్టి తవ్వి పరుస్తున్నారు. ఒక పాత ఇనుప గొలుసు దొరికింది. బురదలో కూరుకుపోయిన బండిని లాగడానికి దాన్నే కట్టి వాడుకున్నారు. లాగింది కూడా, తెగలేదు. తర్వాత తెలిసింది, అది రెండు వేల ఏళ్ళ నాటి గొలుసని. మనుషుల మెడలకు వేసి వరసగా నడిపించే బానిసల గొలుసు.

అక్కడ కత్తులు, ఈటెలు, రథాల భాగాలు, కళ్ళేలు అన్నీ కలిపి 150కి పైగా వస్తువులు దొరికాయి. పోగొట్టుకున్నవి కావు, కావాలని నీళ్ళలో వేసినవి. కొన్ని కత్తుల్ని వంచి మరీ వేశారు. దేవుడికి ఇచ్చేసినట్టు. నిలువ నీటి అడుగున గాలి తగలక అవి పాడవలేదు. ఆంగ్ల్‌సీ మీద రోమన్ల దాడిని, అక్కడి డ్రూయిడ్ పూజారుల్ని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వర్ణించాడు. కానీ ఆయన గెలిచినవాళ్ళ తరఫు మనిషి. ఈ చెరువులో ఓడినవాళ్ళ వస్తువులున్నాయి. ఆ గొలుసును బట్టి చూస్తే వాళ్ళూ తమకంటే బలహీనుల మెడకు ఉచ్చు వేసినవాళ్ళే.

రోమన్లు ఏం వదిలి వెళ్ళారు?

న్యూపోర్ట్ పక్కన కైర్లియన్ అనే చిన్న ఊరు. క్రీ.శ. 75 ప్రాంతంలో రెండో అగస్టన్ దళం ఇక్కడ కోట కట్టింది. వాళ్ళ ఆంఫిథియేటర్ ఇప్పటికీ గిన్నెలా పచ్చిక మధ్య ఉంది. సుమారు 6,000 మంది కూర్చునేవారు. తవ్వకముందు ఊరివాళ్ళు దాన్ని ఆర్థర్ రాజు గుండ్రటి బల్ల అనేవారు.

నాకు ఆంఫిథియేటర్ కంటే స్నానశాల కాలువ ఎక్కువ ఇష్టం. దాన్ని శుభ్రం చేస్తే 88 చెక్కిన రత్నాలు దొరికాయి. వేడినీళ్ళ ఆవిరికి ఉంగరాల్లోని జిగురు కరిగి రాళ్ళు ఊడిపోయి, నీళ్ళతోపాటు కాలువలోకి కొట్టుకుపోయాయి. ఇంటికెళ్ళి వేలు చూసుకుని ఎంత బాధపడి ఉంటారో. అదే కాలువలో కోళ్ళ ఎముకలూ ఉన్నాయి, స్నానానికొచ్చి చిరుతిళ్ళు తిన్నవాళ్ళవి.

ఇక్కడ మనకు నేరుగా ఒక సంబంధం ఉంది. ఆ ఆంఫిథియేటర్‌ను 1926, 1927లలో తవ్వించింది మార్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా. ఆయన కార్డిఫ్ మ్యూజియం డైరెక్టర్‌గా ఉండి లండన్ వెళ్ళిపోయాక ఇక్కడి పనిని చాలావరకు నడిపింది టెస్సాయే. పేరు మాత్రం ఆయనకే వచ్చింది, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఈ వీలరే 1944 నుంచి 1948 వరకు భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వించి రోమన్ వ్యాపారపు ఆనవాళ్ళు బయటపెట్టాడు. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వించి, అక్కడి పొరల్ని మూడుగా విడదీశాడు. అడుగున రాతిగొడ్డలి సంస్కృతి, మధ్యలో రాకాసి గుళ్ళ సంస్కృతి, పైన ఆంధ్ర సంస్కృతి. ఆ మూడోదానికి శాతవాహనుల్ని దృష్టిలో పెట్టుకునే ఆ పేరు. పొర తర్వాత పొర జాగ్రత్తగా తీయాలని మన కుర్రవాళ్ళకు నేర్పిన మనిషి, ఆ పని చేయి తిరిగేదాకా చేసింది వేల్స్ రోమన్ కోటల్లోనే.

రోమన్లు పోయాక చీకటి యుగమేనా?

అది పాత మాట. రోమన్లు పోయాక కూడా రాశారు, కట్టారు, దూరదేశాలతో వ్యాపారం చేశారు. కార్డిఫ్ దగ్గర డినాస్ పౌవిస్ గుట్టను 1950లలో తవ్వితే మధ్యధరా ప్రాంతపు కుండపెంకులు దొరికాయి. పశ్చిమ వేల్స్‌లో ఒకే రాయి మీద లాటిన్‌లోనూ, ఐర్లండ్ వాళ్ళ ఓగమ్ గీతల్లోనూ చెక్కిన స్మారకాలున్నాయి. సెయింట్ డాగ్‌మేల్స్‌లోని సాగ్రానస్ రాయి ఓగమ్ చదవడానికి తాళంచెవి అయింది.

ల్లాన్‌గోర్స్ సరస్సులో ఒక కృత్రిమ దీవి ఉంది. చెక్క వలయాల లెక్క ప్రకారం 889 నుంచి 893 మధ్య కట్టింది. ఇంగ్లండ్ వృత్తాంతాల్లో 916లో మధ్య ఇంగ్లండ్‌లోని మెర్సియా పాలకురాలు ఎథెల్‌ఫ్లెడ్ సైన్యం ఆ సరస్సు మీద పడి, ఇక్కడి రాజు భార్యతో కలిపి 34 మందిని పట్టుకుపోయిందని ఉంది. తవ్వితే కాలిన పొర కనిపించింది. ఆ మంటల్లో మాడి, బురదలో పడటం వల్లే మిగిలిన ఒక వస్త్రం కూడా. నార బట్ట మీద పట్టుదారంతో పక్షుల కుట్టుపని. తగలబెట్టకపోతే ఎప్పుడో కుళ్ళిపోయేది.

మునిగిపోయిన రాజ్యం నిజంగా ఉందా?

కాంత్రెర్ గ్వేలాడ్ అనే రాజ్యం సముద్రంలో మునిగిందని, సముద్రాన్ని ఆపే కట్ట తలుపులు వేయాల్సిన కావలివాడు తాగి పడుకున్నాడని వేల్స్‌లో కథ. రాజ్యం ఆధారాలు లేవు. కానీ బోర్త్ తీరంలో ఆటు వచ్చినప్పుడు ఇసుకలోంచి చెట్ల మొదళ్ళు లేస్తాయి. సుమారు 4,500 ఏళ్ళ కిందట మునిగిన అడవి. 2014 తుపాను తర్వాత ఇంకా ఎక్కువ బయటపడింది. సముద్రం నిజంగానే ముందుకొచ్చి నేలను మింగింది, కథ దాన్ని తన పద్ధతిలో గుర్తుపెట్టుకుంది.

దక్షిణాన సెవెర్న్ నది ముఖద్వారంలో, గోల్డ్‌క్లిఫ్ దగ్గర, బురదలో 7,500 ఏళ్ళ కిందటి అడుగుజాడలు ఉన్నాయి. చాలావరకు పిల్లలవి. వేళ్ళ మధ్య బురద పైకి చిమ్మిన తీరు కూడా కనిపిస్తుంది. ఆటుపోట్లు ప్రమాదకరం, తెలిసినవాళ్ళు లేకుండా అక్కడికి వెళ్ళొద్దు.

న్యూపోర్ట్ ఓడ ఏమైంది?

2002లో థియేటర్ కడుతుంటే నది ఒడ్డున 15వ శతాబ్దపు ఓడ బయటపడింది. పని ఆగకూడదని ఒక దశలో దాన్ని వదిలేద్దామనుకుంటే ఊరి జనం రోడ్డెక్కి కాపాడుకున్నారు. దాదాపు 2,500 చెక్క ముక్కలు. కలప బాస్క్ ప్రాంతానిది. ఓడ వెన్నుపట్టెలో ఒక చిన్న ఫ్రెంచ్ వెండి నాణెం దాచారు, 1447లో ముద్రించింది. మనం ఇంటి శంకుస్థాపనలో నాణెం వేసినట్టే, మేలు జరగాలని. ముక్కల్లోని నీళ్ళు తీసి ఎండబెట్టడానికే ఇరవై ఏళ్ళు పట్టింది.

మెటల్ డిటెక్టర్‌తో నేను వెతకొచ్చా?

భూమి యజమాని అనుమతి ఉంటే వెతకొచ్చు. రక్షిత కట్టడాల దగ్గర మాత్రం అనుమతి లేకుండా వాడటం నేరం. మూడొందల ఏళ్ళు దాటిన బంగారం, వెండి వస్తువులు దొరికితే 14 రోజుల్లోపు కరోనర్ అనే అధికారికి చెప్పాలి. ఏదైనా కనిపిస్తే తవ్వేసి తీయొద్దు, ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని మ్యూజియం వాళ్ళకు చెప్పండి. పెంబ్రోక్‌షైర్‌లో 2018లో ఒక డిటెక్టరిస్ట్ అలా చెప్పబట్టే ఇనుప యుగపు రథ సమాధి బయటపడింది. వేల్స్‌లో అలాంటిది అదే మొదటిది. తవ్వకాల విషయాలు ఇప్పుడు హెనెబ్ చూస్తోంది. నాలుగు ప్రాంతీయ ట్రస్టులు 2024లో కలిసి ఏర్పడ్డ సంస్థ అది. రక్షిత కట్టడాల బాధ్యత వేల్స్ ప్రభుత్వ వారసత్వ సంస్థ కాడ్వ్‌ది.

చనిపోయినవాళ్ళ ఎముకల్ని అలా తీసి అద్దాల్లో పెట్టడం తప్పు కాదా?

మా అమ్మ అడిగిన ప్రశ్న. అస్థికలు నీళ్ళలో కలిపే ఇంట్లో పుట్టినవాళ్ళం, అడక్కుండా ఎలా ఉంటాం. ఇక్కడ ఎముకలు తీయాలంటే ప్రభుత్వ లైసెన్స్ కావాలి. చాలాసార్లు తీయకపోతే పోతాయి. సెయింట్ డేవిడ్స్ దగ్గర వైట్‌సాండ్స్ తీరంలో పాత క్రైస్తవ శ్మశానాన్ని అలలు కోసేస్తున్నాయి. సముద్రం పట్టుకుపోకముందే తవ్వి తీశారు. అక్కడ పిల్లల సమాధుల మీద తెల్లటి గులకరాళ్ళు, గవ్వలు పేర్చి ఉన్నాయి. అమ్మకు ఆ ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "పిల్లలు ఆడుకునేవే పెట్టారు" అంది. అద్దాల్లో పెట్టే విషయంలో నాకు ఇప్పటికీ మనసు పూర్తిగా ఒప్పదు. దాచి ఉంచాలి, గౌరవంగా ఉంచాలి, అడిగే అవసరం వచ్చినప్పుడు తీయాలి అనే అనుకుంటాను.

ఒక్క రోజే ఉంది, పిల్లలున్నారు. ఎక్కడికి వెళ్ళాలి?

పొద్దున కైర్లియన్, మధ్యాహ్నం కార్డిఫ్ పక్కన సెయింట్ ఫాగన్స్ మ్యూజియం. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. ఆరుబయట పాత ఇళ్ళు, పొలాలు ఉంటాయి, పిల్లలు పరిగెత్తుతారు. తర్వాత లోపలి గ్యాలరీకి తీసుకెళ్ళి పొంట్‌నెవిద్ పళ్ళు ఎక్కడున్నాయో అడగండి. చాలా చిన్నవి, తెలియకపోతే దాటి వెళ్ళిపోతాం. మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్ళు, ముందు పన్ను కదులుతోంది. అద్దానికి ముఖం ఆనించి చూసి, తన పన్ను వేలితో కదుపుకుంటూ, వాడికి కూడా నొప్పి పుట్టిందా అని అడిగాడు.